వికలాంగుల పింఛను నిరాకరింపబడినచో ఏమి చేయవలెను?

కొబ్బరిచెట్టుపైనుండి పడి నడుము విరిగిన దింపు కార్మికునికి పింఛను ఆగినదన్న మాట చెవిని బడిననాడు, పాలకొల్లు ప్రాంతపు గ్రామములలో అతని యింటివారు మొదట వచ్చునది పంచాయతీ సభ్యుని వాకిటికే. 2024లో మన రాష్ట్రమున ఈ పింఛను నెలకు 6,000 రూపాయలకు పెంచబడినది. ఆ సొమ్ము ఆగినచో ఆ యింట బియ్యము, మందులు రెండును ఆగును. కావున సభ్యులు ఈ విషయమును చక్కగా ఎరిగియుండుట అవసరము.

మొట్టమొదట, నిరాకరణకు కారణమేమో వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. "కంప్యూటరు ఒప్పుకొనుట లేదు" అన్నది కారణము కానేరదు. వైకల్యము నూటికి 40 పాళ్లకు తగ్గినదని వైద్యులు వ్రాసిరా? లేక ఆ కుటుంబము పేర భూమియో, కారో, కరెంటు వాడకమో అధికముగా నమోదైనదా? పరుల మీటరు ఆధారు సంఖ్యకు పొరపాటున జతపడిన సందర్భములు ఉండవచ్చును. అట్టి తప్పును కచేరీలోనే దిద్దించుకొనవచ్చును. దానికై న్యాయస్థానమువరకు పోనక్కరలేదు. కారణము చెప్పనిచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టవలెను. దానికి 30 దినములలో జవాబు రావలెను. ప్రతి అర్జీకిని రసీదు తీసికొనుట మరువరాదు.

వైకల్య శాతముపై తగవు వచ్చినచో, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములోని 59వ సెక్షను అప్పీలునకు అవకాశమిచ్చుచున్నది. 2025లో రాష్ట్రమంతట ధ్రువపత్రముల పునఃపరీక్ష జరిగి, ఆగస్టులో అనేకులకు నోటీసులు అందినప్పుడు, గ్రామీణుల అప్పీళ్లను మండల పరిషత్తు అభివృద్ధి అధికారి స్వీకరించెను. గ్రామ పంచాయతీ తీర్మానముచే వైద్యుడు వ్రాసిన శాతము మారదు. కాని నోటీసు ఏ దినమున అందినదో, అంధునకు దానిని ఎవరైనను చదివి వినిపించిరో లేదో సభ్యులు సాక్ష్యమీయగలరు. ఇది చిన్న సాయమని తలపరాదు.

అప్పీలును త్రోసివేసినను, సంజాయిషీ అడుగక పింఛను నిలిపివేసినను, రాజ్యాంగములోని 226వ అధికరణము క్రింద అమరావతిలోని హైకోర్టునందు రిట్ దాఖలు చేయవచ్చును. సాధారణముగా అప్పీలు మార్గమును విడిచి తిన్నగా వచ్చినవారిని హైకోర్టు వెనుకకు పంపుచుండును. న్యాయమూర్తులు కాలిని, కంటిని స్వయముగా కొలిచి శాతము నిర్ణయింపరు. నోటీసు ఇచ్చిరా, వాదన వినిరా, ఉత్తరువులో కారణము వ్రాసిరా అనునవే వారు ముఖ్యముగా చూతురు. లోపమున్నచో ఉత్తరువును కొట్టివైచి, మరల పరీక్షింపుడని ఆజ్ఞాపింపవచ్చును. నిలిపిన సొమ్మును చెల్లింపుమని కూడ ఆదేశింపవచ్చును. రిట్‌కు నిర్ణీతమైన గడువు లేకున్నను, జాప్యము చేసినవానిపట్ల న్యాయస్థానము ఉదారముగా ఉండదు.

వకీలు ఖర్చునకు జడిసి ఊరకుండువారే ఎక్కువ. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద వికలాంగులకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయుదురు. ఏలూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పంపవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేసినను మార్గము చెప్పుదురు. ధ్రువపత్రము, ఆధారు, పింఛను పొందిన ఆధారములు, నోటీసు, రసీదులు, చికిత్స కాగితములు ఒక్క సంచిలో ఉంచి పంపుడు.

తీర్పు వచ్చిన పిమ్మట దాని ధ్రువీకృత ప్రతిని సంబంధిత అధికారికి అందజేసి రసీదు పొందవలెను. నిర్ణయించిన గడువులో అది అమలు కానిచో, సంవత్సరము లోపల కోర్టు ధిక్కార పిటీషను వేయవచ్చును.