అడుగు సీసా ఆవిరి యంత్రము: ఎంచుకొనుటకు ముందు తెలిసికొనవలసిన విషయములు

పొగాకు మన దేశమునకు క్రొత్తది కాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు, ముక్కుపొడుము, జర్దా, ఖైనీ అను అనేక రూపములతో అది మన ఇండ్లలో ప్రవేశించి స్థిరపడినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములందు కాలుచున్న కొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటిపై పుండ్లును, రాచపుండును కలుగుటను వైద్యులు చిరకాలముగా గమనించుచునే యున్నారు. కాలానుగుణముగా పొగాకు వేషము మార్చుచుండును గాని, మనుజుని బంధించు దాని సారము మారలేదు. ఆ సారము పేరు నికోటిన్. ఇప్పుడది నిప్పును, బూడిదను విడిచి, విద్యుత్తును, పండ్ల సువాసనను ఆశ్రయించి యువజనుల చేతులలోనికి వచ్చుచున్నది.

ఈ క్రొత్త సాధనమునకు ఈ-సిగరెట్టు అనియు, వేప్ అనియు పేర్లు. చైనా దేశీయుడగు హాన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు 2003 ప్రాంతమున నేటి ఈ-సిగరెట్టునకు రూపకల్పన చేసెను. అటుపిమ్మట అనేక రకములు బయలుదేరినవి. వానిలో అడుగు భాగమున సీసా గలిగి, ఆ సీసానుండి ద్రవమును పైకి ఎక్కించు రకము ఒకటి. దీనిని వాడువారు 'స్క్వాంకర్' అనియు, 'బాటమ్ ఫీడర్' అనియు పిలుతురు. ఇందు ఏది మేలైనది, దానిని ఎట్లు వాడవలెను అని యువకులు ఒకరినొకరు ప్రశ్నించుకొనుచుందురు. ఆ ప్రశ్నకు ఉన్నదున్నట్లు సమాధానము చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

యంత్రము పనిచేయు విధము

ఈ యంత్రము చేతిలో ఇముడు చిన్న పెట్టె వంటిది. అందు ఒకవైపున బ్యాటరీయు, దాని ప్రక్కనే మెత్తని సీసాయు ఉండును. సీసాలో సామాన్యముగా 6 మొదలు 10 మిల్లీలీటర్లవరకు ద్రవము పట్టును. పెట్టెపైన ఒక చిన్న గిన్నె గలదు. అందు సన్నని లోహపు తీగచుట్టయు, ఆ చుట్టలో దూర్చిన దూదియు ఉండును. గిన్నెకు అడుగున నుండు మేకు బోలుగా నుండును. పెట్టెకుగల రంధ్రమునుండి సీసాను వ్రేలితో నొక్కినప్పుడు ద్రవము ఆ బోలు మేకుగుండా పైకెక్కి దూదిని తడుపును. వ్రేలు తీసినంతనే మిగిలిన ద్రవము తిరిగి సీసాలోనికి దిగును. పిమ్మట మీట నొక్కగా తీగ వేడెక్కును. దూదిలోని ద్రవము ఆవిరియగును. దానిని మనుజుడు పీల్చును.

చూచుటకు ఇది మిక్కిలి చమత్కారమైన ఏర్పాటు. మాటిమాటికి దూదిపై చుక్కలు వేసికొను శ్రమ ఇందు లేదు. అయితే దీని గుణమును దోషమును రెండును ఆ వ్రేలియందే యున్నవి. ఎక్కువగా నొక్కినచో ద్రవము పొంగి గాలిరంధ్రములనుండి కారును, చేతికి అంటును, బ్యాటరీ కొనలవద్దకును చేరవచ్చును. తక్కువగా నొక్కినచో దూది ఎండి మాడును. ద్రవములో ముఖ్యభాగమైన గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అను పదార్థములు అతిగా వేడెక్కినప్పుడు విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడు, అక్రోలీన్ వంటి విషపదార్థములుగా మారును. గొంతు మండునట్టి ఆ చేదు ఊపిరి వాడుకరులకు అందరికిని తెలిసినదే. అందు పీల్చుచున్నది ఏమియో మాత్రము చాలమందికి తెలియదు.

ఏది మేలైనదని అడుగువారికి

ఈ యంత్రములు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిదానిలో విద్యుత్ప్రవాహమును అదుపులో నుంచు చిన్న పలక యుండును. తీగ దోషముగా నున్నచో, బ్యాటరీ క్షీణించినచో అది ప్రవాహమును నిలిపివేయును. రెండవ తెగకు అట్టి పలక లేదు. మీట నొక్కినచో బ్యాటరీకిని తీగకును నడుమ అడ్డు ఏదియు ఉండదు. దీనినే వాడుకరులు 'మెకానికల్' అందురు.

ఇందలి అపాయము చిన్న లెక్కవలన తెలియగలదు. ఇందు సాధారణముగా వాడు లిథియం బ్యాటరీని 18650 అని పిలుతురు. దాని అడ్డుకొలత 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు. పూర్తిగా నింపినప్పుడు అది 4.2 వోల్టుల ఒత్తిడి నిచ్చును. తీగయొక్క నిరోధము 0.2 ఓము అయినచో, ఓము నియమము ననుసరించి 21 ఆంపియర్ల ప్రవాహము కలుగును. మన ఇంటిలో 60 వాట్ల బల్బు వెలుగుటకు పావు ఆంపియరుకు కొంచెము మించిన ప్రవాహము చాలును! వాడుకరి తన చేతితో తీగను చుట్టుకొనునప్పుడు పొరపాటున నిరోధము 0.1 ఓమునకు తగ్గినచో, ప్రవాహము 42 ఆంపియర్లగును. వ్రేలంత బ్యాటరీ అంత భారమును ఓర్వజాలదు. అది కాగి, లోపల వాయువు పుట్టి, మంటలు చిమ్మవచ్చును లేదా ప్రేలవచ్చును. బ్యాటరీపై తొడుగు చిరిగినను, విడి బ్యాటరీని తాళపుచెవులతోను, నాణెములతోను కలిపి జేబులో వేసికొన్నను ఇట్టి ఉపద్రవమే సంభవించును.

ఇవి ఊహలు కావు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 2018 మే మాసమున ఫ్లోరిడా రాష్ట్రమందును, 2019 జనవరిలో టెక్సాసు రాష్ట్రమందును ఆవిరి యంత్రములు ప్రేలుటచే ఇరువురు మరణించిరి. రెండవవాని వయస్సు 24 సంవత్సరములు. యంత్రపు తునక మెడలోని రక్తనాళమును ఛేదించెను. ఇట్టి మరణములు అరుదు. అయినను తొడపైనను, చేతిపైనను, ముఖముపైనను కాలిన గాయములతో ఆసుపత్రులకు వచ్చినవారిని గూర్చి అనేక దేశముల వైద్యులు వ్రాసియున్నారు.

కావున యంత్రముగా చూచినయెడల, అదుపు పలక గలది పలక లేనిదానికంటె తక్కువ ప్రమాదకరము. ఇది సత్యమే. కాని ఈ సత్యము బ్యాటరీకి సంబంధించినది. పీల్చెడి ఆవిరి విషయమున రెంటికిని భేదము లేదు.

సీసాలోని ద్రవము

సీసాలోని ద్రవమందు గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సువాసన ద్రవ్యములు, నికోటిన్ ఉండును. పేనుబంకను చంపుటకు పొగాకు కషాయమును పైరుపై చల్లు పద్ధతిని మన రైతులు ఎరుగుదురు. ఆ కషాయమునకు చంపెడి శక్తి నిచ్చునది నికోటినే.

ఈ రకము యంత్రము విస్తారముగా ఆవిరిని పుట్టించును గనుక, మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల నికోటిన్ మాత్రమే గల పలుచని ద్రవమును వాడుట పరిపాటి. 'మూడే గదా' యని వాడుకరి తృప్తిపడును. 8 మిల్లీలీటర్ల సీసాలో అది 24 మిల్లీగ్రాములగును. ఒక సిగరెట్టునుండి త్రాగువాని శరీరమున చేరు నికోటిన్ సుమారు 1 మిల్లీగ్రాము. సీసాలోనిదంతయు రక్తమున చేరకపోయినను, దినమునకు ఒక సీసా ముగించువాడు తక్కువ నికోటిన్ తీసికొనుచున్నానని అనుకొనుట భ్రమ. సిగరెట్టు కాలి ముగియును. త్రాగువానికి ఒక హద్దు తెలియును. ఈ యంత్రమునకు ముగింపు లేదు. వ్రేలు నొక్కినకొలది ద్రవము పైకెక్కుచునే యుండును.

సువాసన ద్రవ్యములను గూర్చి మరియొక మాట. తినుబండారములలో వాడదగినవి గనుక ఇవి నిరపాయములని వర్తకులు చెప్పుదురు. నోటికి హితమైనది ఊపిరితిత్తులకు హితమనుట సరికాదు. వెన్న వాసన నిచ్చు డయాసిటైలు తినుటకు అనుమతి పొందిన ద్రవ్యమే. అయినను 2000 సంవత్సరమున అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున, మొక్కజొన్న పేలాల కర్మాగారములో ఆ ద్రవ్యపు ఆవిరిని పీల్చిన కార్మికులకు శ్వాసనాళికలు మూసుకొనిపోవు దారుణవ్యాధి కలిగినట్లు బయటపడెను. కొన్ని ఈ-సిగరెట్టు ద్రవములలో ఈ ద్రవ్యము ఉండుట పరీక్షలలో తేలినది.

2019 సంవత్సరమున అమెరికాలో వేప్ వాడినవారికి తీవ్రమైన శ్వాసకోశవ్యాధి వ్యాపించినది. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలైనట్లును, వారిలో 68 మంది మరణించినట్లును అక్కడి వ్యాధినియంత్రణ కేంద్రము ప్రకటించెను. గంజాయి సారము గల ద్రవములలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేటు దీనికి ముఖ్యకారణమని తేలినది. సీసాపై వ్రాసినదానికిని, సీసాలో ఉన్నదానికిని సంబంధము లేని దొంగ సరకు ఎంత అపాయకరమో దీనివలన గ్రహింపవచ్చును. మన దేశమున రహస్యముగా అమ్ముడగు ద్రవమును పరీక్షించి ముద్రవేయు అధికారి ఎవ్వరును లేరు.

పొగకును ఆవిరికిని గల భేదము

'ఇది సిగరెట్టుకంటె నయము గదా?' అను ప్రశ్న సహజము. దీనికి న్యాయమైన సమాధానము చెప్పవలెను. ఆవిరిలో పొగాకు కాలుటవలన పుట్టు తారు లేదు. కార్బన్ మోనాక్సైడు దాదాపు లేదు. కావున సిగరెట్టును పూర్తిగా విడిచి దీనిని పట్టినవానికి కొన్ని విషములు తగ్గును. ఈ కారణముననే బ్రిటన్ వంటి కొన్ని దేశములు పెద్దలకు దీనిని అనుమతించినవి. కాని తగ్గుట వేరు, లేకపోవుట వేరు. నికోటిన్ బానిసత్వము యథాతథముగా నిలుచును. రక్తపుపోటును, గుండె వేగమును హెచ్చించును. గర్భస్థశిశువునకు హాని చేయును. ఎదుగుచున్న మెదడుపై ప్రభావము చూపును. అనేకులు సిగరెట్టును విడువక రెండును వాడుచున్నారు. అట్టివారికి కలుగు లాభము అత్యల్పము. ఏనాడును పొగ త్రాగని బాలుడు మామిడిపండు వాసనకు ఆశపడి దీనిని పట్టినచో, అతనికి ఇది నష్టము తప్ప వేరొకటి కాదు.

మన చట్టము

ఈ విషయములను పరిశీలించి భారత వైద్యపరిశోధన మండలి 2019 మే 31వ తేదీన ఈ సాధనములను పూర్తిగా నిషేధింపవలెనని సిఫారసు చేసెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో ఆర్డినెన్సును, డిసెంబరులో పార్లమెంటు చట్టమును వెలువడినవి. దీనిప్రకారము ఈ-సిగరెట్టుల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, పంపిణీ, ప్రకటన నేరములు. మొదటి నేరమునకు ఒక సంవత్సరమువరకు ఖైదు గాని, లక్ష రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల నేరము చేసినవారికి మూడేండ్లవరకు ఖైదును, ఐదు లక్షల రూపాయలవరకు జరిమానాయు గలవు. సరకును నిల్వచేసినవారికి ఆరు మాసములవరకు ఖైదు గాని, ఏబదివేల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అమెరికా, బ్రిటన్ మొదలగు దేశములనుండి సెలవులకు వచ్చు బంధువులు దీనిని కానుకగా తెచ్చుట కలదు. అక్కడ అంగడిలో దొరకు వస్తువే యైనను ఇక్కడికి తెచ్చుట దిగుమతి యగును. ప్రయాణమునకు ముందే ఈ సంగతిని వారికి తెలుపుట మేలు.

ఇంటిలో చిన్నబిడ్డలు గలవారికి

ఈ ద్రవము రంగుతోను, తీపి వాసనతోను పసిబిడ్డల నాకర్షించును. 2014 డిసెంబరులో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఏడాది వయస్సుగల శిశువు నికోటిన్ ద్రవమును మ్రింగి మరణించెను. అది మ్రింగినప్పుడే గాక చర్మముపై పడినప్పుడును శరీరమున ఇంకును. చర్మముపై పడినచో సబ్బుతోను, నీటితోను వెంటనే బాగుగా కడుగవలెను. తడిసిన బట్టలను తీసివేయవలెను. బిడ్డ మ్రింగినట్లు అనుమానము కలిగినచో వాంతి చేయింపరాదు. వాంతులు, చొంగ కారుట, చెమట, వణకు, మూర్ఛ వంటి లక్షణములకై వేచియుండక, 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. సీసానుగూడ వెంట తీసికొనిపోయి వైద్యునకు చూపవలెను.

మానదలచినవారికి

సిగరెట్టు మానుటకే ఈ యంత్రమును కొనదలచినవారి కోరిక మెచ్చదగినది. ఆ కోరికకు చట్టసమ్మతమైన మార్గములు కలవు. నికోటిన్ గల నమలు బిళ్లలు మందుల దుకాణములలో లభించును. వానిని సాధారణపు చూయింగ్ గమ్ వలె నమలరాదు. చురుక్కుమనువరకు మెల్లగా నమిలి, బుగ్గకును చిగురునకును నడుమ నుంచి, ఆ చురుకు తగ్గిన పిమ్మట మరల నమలవలెను. నమలుటకు పావుగంట ముందునుండి కాఫీ, టీ, పులుపు పానీయములు త్రాగరాదు. గుండెజబ్బు గలవారును, గర్భిణులును వైద్యుని సలహా లేక వాడరాదు.

మానిన మొదటి రెండు మూడు దినములు మిక్కిలి కష్టముగా నుండును. చిరాకు, నిద్రపట్టకుండుట, ఆకలి హెచ్చుట సహజములు. రెండు మొదలు నాలుగు వారములలో అవి సామాన్యముగా తగ్గును. కోరిక అలవలె లేచి కొన్ని నిమిషములలో అణగిపోవును. ఆ కొద్ది నిమిషములు నీరు త్రాగుటయో, నాలుగడుగులు నడచుటయో, ఎవరితోనైన మాటలాడుటయో చేసినచో అల దాటిపోవును. 1800-112-356 అను జాతీయ సహాయకేంద్రపు నంబరునకు ఉచితముగా ఫోను చేసి, పొగాకు మానుటకు సలహా పొందవచ్చును. ఒకసారి తప్పినవారు నిరాశపడనవసరము లేదు. పలుమారులు యత్నించిన పిమ్మట గెలిచినవారే ఎక్కువమంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డవద్ద ఈ యంత్రము కనబడినప్పుడు కేకలు వేసి, కొట్టి ప్రయోజనము లేదు. భయపడిన బిడ్డ దానిని మరింత లోతుగా దాచును. ఎప్పటినుండి వాడుచున్నాడో, ఎవరిచ్చిరో, మానవలెనని ఉన్నదో శాంతముగా అడుగవలెను. పిమ్మట వైద్యునివద్దకు వెంటబెట్టుకొని పోవలెను. బ్యాటరీని చెత్తబుట్టలోను, మంటలోను వేయక, కొనలకు టేపు అంటించి విద్యుత్పరికరముల వ్యర్థములను సేకరించువారికి అప్పగింపవలెను. మిగిలిన ద్రవమును బిడ్డలకు, పశువులకు అందకుండ జాగ్రత్తపరుపవలెను.

ఏ యంత్రము మేలైనదని వెదకు యువకునకు ఇంతవరకు వివరించిన విషయములే సమాధానము. తీగను మార్చినను, సీసాను మార్చినను, బ్యాటరీని మార్చినను నికోటిన్ తన పనిని తాను చేయుచునే యుండును. నేడు దానిని చేపట్టనివానికి రేపు మానవలసిన కష్టము ఉండదు.