విశ్వవిద్యాలయము, పరిశ్రమ, మిరప చేను

గుంటూరు మిర్చి యార్డులో ఉదయము వేళ నిలుచున్నచో, "334 ధర ఎంత పలికినది?" అను మాట తరచుగా వినవచ్చును. ఈ సంఖ్య వ్యాపారులు పెట్టినది కాదు. గుంటూరు చెంతనున్న లాం పరిశోధనా స్థానము వెలువరించిన ఎల్.సి.ఎ. 334 అను మిరప వంగడపు సంఖ్య అది. పరిశోధనాలయమునందు పుట్టిన అంకె బజారులో సరకు పేరుగా మారినది. విశ్వవిద్యాలయమునకును, పరిశ్రమకును గల సంబంధమునకు ఇంతకన్న చక్కని దృష్టాంతము కావలయునా?

అయితే ఈ సంబంధము దానంతటది ఏర్పడదు. శాస్త్రజ్ఞుడు కొత్త వంగడమును తయారు చేసినపుడు అతని వద్ద ఉండునది కొద్దిపాటి విత్తనము మాత్రమే. దీనిని బ్రీడర్ విత్తనమందురు. దీనినుండి ఫౌండేషన్ విత్తనమును, దానినుండి ధ్రువీకృత విత్తనమును పెంచవలెను. వేలాది ఎకరములకు చాలునంతగా పెంచి, శుద్ధిచేసి, ఊరూరికి చేర్చుట విత్తన సంస్థల పని. ఒకరు లేనిదే రెండవవారి శ్రమ ఫలింపదు.

ఈ కూడిక లోపించినపుడు నష్టపోవువాడు రైతు. 1980 తరువాతి దశకమున గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి చేలను తెల్లదోమ పాడుచేసినది. పైరిత్రాయిడ్ మందులను మితిమీరి చల్లుటచే దోమను తిను మిత్రకీటకములు నశించి, దోమయే ప్రబలినది. మందు దొరికినంత సులభముగా దానిని ఎపుడు చల్లరాదను సలహా దొరకలేదు. అపుడు దోమను తట్టుకొను కాంచన వంటి ప్రత్తి వంగడములు లాం నుండి వచ్చినవి. మరల 2021లో, అంతకు ఆరేండ్ల ముందు బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిపై కనిపించిన కొత్తజాతి తామరపురుగు మిరప పూవులలో చేరి కాపును దెబ్బతీసినది. పురుగు ఒడంబడికల కొరకు వేచియుండదు. కూడిక ముందే సిద్ధముగా నుండవలెను.

పరిశ్రమ కూడ విశ్వవిద్యాలయమునకు ప్రశ్నల నందించును. మిరపపొడిని ద్రావకములో నానబెట్టి, పిమ్మట ద్రావకమును ఆవిరి చేసినచో ఓలియోరెసిన్ అను చిక్కని ఎర్రని సారము మిగులును. దాని రంగునకు కాప్సాంథిన్, కారమునకు కాప్సైసిన్ కారణములు. ఆహార పరిశ్రమలో ఒకరికి రంగు హెచ్చుగా, కారము తక్కువగా కావలెను. మరొకరికి కారమే ప్రధానము. ఈ కోరిక తెలిసిననాడే శాస్త్రజ్ఞుడు తగిన వంగడమును వెదకగలడు. అట్లే, కల్లములో సరిగా ఆరని కాయపై బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. ఐరోపా సమాఖ్య దేశములు మిరపలో మొత్తము అఫ్లాటాక్సిన్‌ను నూరు కోట్ల పాళ్లలో 10 పాళ్లకు మించనీయవు. ఇంత సూక్ష్మమైన కొలతకు ప్రయోగశాల కావలెను. కాయ నేలను తాకకుండ ఆరబెట్టు సాధనమునకు పరిశ్రమ కావలెను.

కాని ఒడంబడిక వ్రాసికొనునపుడు మూడు విషయములు తేలవలెను. మొదటిది, హక్కు ఎవరిది? 2001 నాటి వృక్షవంగడముల పరిరక్షణ, రైతుహక్కుల చట్టము ప్రకారము పొలపు పంటల కొత్త వంగడముపై సృష్టికర్తకు 15 సంవత్సరముల హక్కు కలదు. విత్తనమును దాచుకొని మరల విత్తు హక్కు రైతునకును కలదు. కంపెనీ ముద్రతో అమ్ముట మాత్రము కూడదు. రెండవది, ఫలితము అనుకూలముగా లేకున్నను ప్రకటించు స్వేచ్ఛ శాస్త్రజ్ఞునకు ఉండునా? మూడవది, లాభము వచ్చు ప్రశ్నలకే సొమ్ము దొరకినచో, లాభము లేని చీడపీడల పరిశోధన ఎవరు చేయుదురు? ప్రజాధనముతో నడచు విశ్వవిద్యాలయము ఈ చివరి పనిని విడువరాదు.

విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. పండిన మిరపకాయలను 100 గ్రాములు తూచి, సగము నేలపై, సగము మంచముపై ఆరబెట్టి, ప్రతిదినము విడివిడిగా తూచి వ్రాసికొనుడు. ఏది ముందు ఆరినది? దేనికి బూజు పట్టినది? పిమ్మట ఆ పట్టికను ఊరిలోని ఒక రైతునకు చూపుడు. పరిశోధనకును, పనికిని నడుమ వేయవలసిన వంతెనకు అదియే మొదటి పలక.