విషపు పువ్వులో కాపురం

నారింజ రంగు ఒళ్లు, దానిమీద మూడు తెల్ల పట్టీలు. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నిమో’ సినిమా పుణ్యమా అని ఈ చేపను గుర్తుపట్టని పిల్లలు లేరు. పేరు క్లౌన్ ఫిష్. దాని అందం, అల్లరి అన్నీ చూపించిన ఆ సినిమా ఇంటిగుట్టు మాత్రం దాచేసింది!

అసలు ఆ ఇల్లే ఓ విచిత్రం. సీ ఎనిమోన్ చూడ్డానికి సముద్రం అడుగున విచ్చుకున్న పువ్వులా ఉంటుంది కానీ మొక్క కాదు, జంతువు. పగడాలకూ జెల్లీఫిష్‌కూ చుట్టం. వేళ్లలా ఊగే దాని మీసాల నిండా విషపు సూదుల్లాంటి కణాలే. చిన్న చేప పొరపాటున తగిలిందా... ఒళ్లు చచ్చుబడి దానికి ఆహారమైపోతుంది. అక్కడే క్లౌన్ ఫిష్ పరుపుమీద పొర్లినట్టు పొర్లుతుంది. ఒంటిమీది జిగురే దానికి రక్ష. కొన్ని జాతులైతే కొత్త ఎనిమోన్‌లోకి ఒక్కసారిగా దూరిపోవు. కాస్త తోక తాకించి, కాస్త పొట్ట ఆనించి మెల్లగా అలవాటు పడతాయి.

ఉత్తపుణ్యానికే ఉండదు లెండి. ఎనిమోన్ మీసాలను కొరుక్కుతినే సీతాకోక చేపల్ని తరిమికొడుతుంది. దాని విసర్జన ఎనిమోన్ ఒంట్లోని నాచుకు ఎరువు. వెయ్యికి పైగా ఉన్న ఎనిమోన్ జాతుల్లో వీటికి చోటిచ్చేవి పట్టుమని పదే. క్లౌన్ ఫిష్‌లలోనేమో దాదాపు 30 జాతులున్నాయి. అందుకే ఇల్లు దొరకడం గగనం, దొరికాక వదలడం ఉండదు.

ఆ ఇంట్లో పెత్తనం ఆడచేపదే. అందరికంటే పెద్దది తనే. తర్వాత మొగుడు, ఆ తర్వాత వరసగా చిన్నవి. ఒకరికొకరు చుట్టాలేం కారు! పెద్దవాళ్లకంటే ఎదిగితే బయటికి గెంటేస్తారని చిన్నవి తమ ఎదుగుదలనే అదుపులో పెట్టుకుంటాయి. ఆడచేప చచ్చిపోతే మొగుడే కొన్ని వారాల్లో ఆడదైపోతుంది. వరసలో తర్వాతిది మొగుడవుతుంది. ఆ లెక్కన తల్లి పోయాక నిమో వాళ్ల నాన్న అమ్మ అయిపోవాలి!

గుడ్ల కాపలా తండ్రిదే. రెక్కలతో విసురుతూ, నోటితో శుభ్రం చేస్తూ వారం పది రోజులు చూసుకుంటాడు. మొగుళ్లపల్లి లాంటి ఊళ్ల చెరువుల్లో కొర్రమీను తన పిల్లల గుంపు వెంటే తిరుగుతుంది కదా, ఇక్కడ అదీ ఉండదు. రాత్రిపూట గుడ్లు పగలగానే పిల్లలు అలల్లో కొట్టుకుపోతాయి. బతికినవి సుమారు రెండు వారాలకు వాసన పట్టుకుని ఏదో ఒక ఎనిమోన్‌కి చేరతాయి.

తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడ్డ అండమాన్‌లో, లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖలో ఇవి కనిపిస్తాయి. అక్వేరియంల కోసం సముద్రంలోనే పట్టేస్తే ఆ వరస మొత్తం తారుమారవుతుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వీటిని హేచరీల్లోనే పుట్టించి పెంచే పద్ధతి కనిపెట్టడం అందుకే ముఖ్యం.

వలకంటే పెద్ద గండం వేడి. నీళ్లు వేడెక్కితే ఎనిమోన్ తన నాచును పోగొట్టుకుని తెల్లగా పాలిపోతుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలకు పట్టింది ఈ గతే. 2023లో పాపువా న్యూగినీ దగ్గర సముద్రం వేడెక్కినప్పుడు క్లౌన్ ఫిష్‌లు సన్నబడటమే కాదు, ఏకంగా పొడవు కూడా తగ్గాయని 2025లో పరిశోధకులు ప్రకటించారు. కొలతలు తప్పేమోనని ముందు వాళ్లే నమ్మలేదట. ఆలుమగలు రెండూ కలిసి కుదించుకున్న జంటలే ఎక్కువగా బతికాయి.