నవోదయలో సీటు: లైఫ్‌లో ఒకేసారి రాసే పరీక్ష, దాని వెనకున్న ఏడేళ్లు

పోయిన ఎపిసోడ్ తర్వాత శానా మంది ఒకటే అడిగారు, "అన్నా, మా తమ్ముడు ఐదో తరగతి, నవోదయ రాయించమంటావా?" అని. సరే, ఈరోజు మొత్తం దాని గురించే మాట్లాడుకుందాం. పరీక్ష ఎట్లా ఉంటుంది, లోపల చదువు ఎట్లా ఉంటుంది, ఎవరికి సెట్ అవుతుంది, ఎవరికి కాదు. చివర్లో మీరు చేయాల్సిన పని ఒకటి చెప్తా. ఫోన్‌లో అరగంట పని. అది మాత్రం స్కిప్ చేయొద్దు.

ముందు నా కథ కొంచెం. మాది ఆదోని పక్కన ఒక ఊరు. 2008లో నేనూ, మా పక్కింటోడూ ఇద్దరం నవోదయ పరీక్ష రాసినాం. లెక్కలు నాకు బాగా వచ్చు, తెలుగు కూడా బాగానే చదువుతా. హాల్లో పేపర్ తెరిస్తే మొదట్లోనే అన్నీ బొమ్మలు. మడిచిన కాగితానికి రంధ్రం పెడితే విప్పినాక ఎట్లా కనపడుతుంది, అద్దంలో బొమ్మ ఎట్లా ఉంటుంది, ఇట్లాంటివి. అట్లాంటి ప్రశ్నలు ఉంటాయని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. వాటిమీదే టైమంతా పోయింది. మా పక్కింటోడికి వాళ్ల చిన్నాన్న పాత పేపర్లు తెచ్చిచ్చినాడు. వాడికి సీటొచ్చింది, నాకు రాలేదు. ఇంకోసారి రాద్దామంటే ఈ పరీక్ష రెండోసారి రాయనివ్వరు. అది నాకు తర్వాత తెలిసింది.

సరే, అసలు నవోదయ అంటే ఏంటి?

జవహర్ నవోదయ విద్యాలయాలు కేంద్ర ప్రభుత్వ బడులు. 1986 జాతీయ విద్యా విధానంతో వచ్చినాయి. మొదటి రెండు బడులు 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో పెట్టినారు. ఐడియా సింపుల్. పల్లెటూళ్లో తెలివైన పిల్లోడికి డబ్బు లేదనే కారణంతో మంచి చదువు ఆగకూడదు. అందుకని ప్రతి జిల్లాకూ ఒక రెసిడెన్షియల్ బడి. అప్పట్లో కేంద్రంలో ఈ శాఖ చూసింది మన పి.వి. నరసింహారావు గారే. ఆయనకు ఈ ఆలోచన కొత్త కాదు. 1971లోనే నల్గొండ జిల్లా సర్వేలులో గురుకులం మొదలైంది. ఆ మరుసటి ఏడాది మన సీమలో కొడిగెనహళ్లి, గుంటూరు వైపు తాడికొండ. అంటే ఈ గురుకులం మోడల్‌ను మన తెలుగోళ్లు ముందే చేసి చూసినారన్నమాట.

మన కర్నూలు జిల్లా నవోదయ ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో ఉంది. తమిళనాడులో మాత్రం ఈ బడులు లేవు. మూడు భాషల విధానం దగ్గర వాళ్లకు అభ్యంతరం.

ఇప్పుడు పరీక్ష. ఇది జాగ్రత్తగా వినండి.

ఐదో తరగతి చదువుతున్న పిల్లలు రాస్తారు, ఆరో తరగతిలో సీటు. ఒక్కో బడిలో ఆరో తరగతికి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు. రెండు గంటల పేపర్, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో బొమ్మల ప్రశ్నలు, అదే మెంటల్ ఎబిలిటీ, 40. లెక్కలు 20. భాష 20. ఒక్కో ప్రశ్నకు ఒకటింపావు మార్కు. తప్పు రాస్తే మార్కులు కట్ చేయరు. అంటే తెలియకపోయినా ఏ ప్రశ్నా వదలకూడదు. పేపర్ తెలుగులోనే రాయొచ్చు. భాష సెక్షన్‌లో చిన్న చిన్న పేరాలు ఇచ్చి, వాటి కింద ప్రశ్నలు అడుగుతారు.

గమనించినారా? సగం మార్కులు బొమ్మలకే. ఆ బొమ్మలు ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ ఉండవు. ట్యూషన్‌కు పోయిన పిల్లోడికీ, పోని పిల్లోడికీ తేడా వచ్చేది ఇక్కడే. కానీ ఇది తెలివికి సంబంధించిన తేడా కాదు, అలవాటుకు సంబంధించింది. ఒక పిల్లోడు ఈ బొమ్మల్ని రెండు నెలలు రోజూ అరగంట చూస్తే, భయం పోతుంది. పాత పేపర్లు మీ ఫోన్‌లోనే దొరుకుతాయి.

ఇక రిజర్వేషన్లు. కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలకు. కనీసం మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగుల రిజర్వేషన్లు కూడా ఉంటాయి. పల్లె కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెటూరి బడిలోనే చదివుండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజు టౌన్ బడిలో చదివినట్టు రికార్డులో ఉన్నా అర్బన్ కిందే లెక్క. ఇంకోటి, ఐదో తరగతి మొత్తం ఏ జిల్లాలో చదువుతున్నారో ఆ జిల్లా నవోదయకే అప్లై చేయాలి.

ఇక్కడే మన పశ్చిమ కర్నూలు వాళ్లకు పెద్ద చిక్కు ఉంది. మనోళ్లకు తెలుసు, సుగ్గి అంటే ఏంటో. తెలియనోళ్లకు చెప్తా. ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు వాన మీదే సేద్యం. పంట పోతే ఊళ్లో పని ఉండదు. అప్పుడు ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. పిల్లల్ని ఎవరి దగ్గర వదులుతారు? అవ్వ తాత ఉంటే వాళ్ల దగ్గర, లేకపోతే వెంట తీసుకుపోతారు.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. నవోదయ పరీక్ష ఈ మధ్య డిసెంబరులోనో జనవరిలోనో పెడుతున్నారు. సరిగ్గా అప్పుడే సుగ్గి సీజన్. పిల్లోడు గుంటూరు దగ్గర ఏదో చేలో గుడారంలో ఉంటాడు, హాల్ టికెట్ ఆదోనిలో ఉంటుంది. పోనీ అక్కడి బడిలో చేర్పిద్దామా అంటే, ఐదో తరగతి ఒకే జిల్లాలో చదవాలన్న రూల్ దెబ్బకొడుతుంది. ఏ పిల్లల కోసం ఈ బడి పెట్టినారో, ఆ పిల్లలే పరీక్ష రోజు ఊళ్లో ఉండరు.

మా పక్కింటోడి సంగతి చెప్పినా కదా. వాడికో అక్క ఉంది, వాడికంటే రెండేళ్లు పెద్ద. మా ఊళ్లో అందరికంటే బాగా చదివేది. ఆమె ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఫారం సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తమ్ముడికి సీటొచ్చి బనవాసి పోయినాడు. ఆమె అమ్మానాన్నతో సుగ్గికి పోయింది. మొదటి ఏడాది వంట చేసి పెట్టడానికి అన్నారు, తర్వాత ఆమే కాయలు కోసింది. తిరిగొచ్చేసరికి బడిలో పాఠాలు అయిపోయినాయి, చదువు అక్కడితో ఆగింది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగినారు. మధ్యలో తేడా ఒక ఫారం.

సరే, సీటొచ్చింది అనుకుందాం. లోపల లైఫ్ ఎట్లా ఉంటుంది?

తిండి, వసతి, యూనిఫామ్, పుస్తకాలు అన్నీ ఉచితం. ఎనిమిదో తరగతి దాకా ఒక్క రూపాయి ఫీజు లేదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నెలకు 600 రూపాయలు విద్యాలయ వికాస నిధి కింద కట్టాలి. అది కూడా ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు లేదు. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలైతే ఎక్కువ కట్టాలి.

పొద్దున్నే లేపి పీటీ చేయిస్తారు. టిఫిన్, అసెంబ్లీ, క్లాసులు. సాయంత్రం ఆటలు తప్పనిసరి. రాత్రి స్టడీ అవర్, సార్లు పక్కనే ఉంటారు. పిల్లల్ని నాలుగు హౌసులుగా పంచుతారు. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. ఆటలైనా, పాటలైనా, క్విజ్ అయినా హౌసుల మధ్యే పోటీ. మా పక్కింటోడు ఇప్పటికీ ఎవరైనా నవోదయ వాళ్లు కలిస్తే మొదట అడిగేది "ఏ హౌస్?" అనే.

సిలబస్ సీబీఎస్ఈ. మొదట ఏడు, ఎనిమిది తరగతుల దాకా తెలుగులో చెప్తారు, ఆ తర్వాత ఇంగ్లిష్, హిందీలోకి మారతారు. పల్లెటూరి పిల్లోడికి ఈ మార్పు కష్టమే. కానీ ఒక్కసారిగా కాకుండా రెండేళ్లు టైమిచ్చి మారుస్తారు కాబట్టి తట్టుకుంటారు.

నవోదయలో అసలైన స్పెషల్ తొమ్మిదో తరగతిలో ఉంది. దాన్ని మైగ్రేషన్ అంటారు. తొమ్మిదో తరగతిలో 30 శాతం పిల్లల్ని ఏడాది పాటు హిందీ మాట్లాడే ప్రాంతంలోని నవోదయకు పంపిస్తారు. అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. మన సీమ పిల్లోడు ఉత్తరాది చలిలో రొట్టెలు తింటూ ఏడాది ఉంటాడు. అక్కడి పిల్లోడు మన ఎండకు, సాంబారు అన్నానికి అలవాటు పడతాడు. మావాడు పోయిన మొదటి నెలలో రోజూ ఏడ్చినాడంట. ఏడాది తర్వాత వచ్చినప్పుడు చూడాలి, హిందీలో గడగడా. నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరినాక మూడు నెలలు మీటింగుల్లో నోరు తెరవలేదు. వాడు ఆ పని పద్నాలుగేళ్లకే దాటేసినాడు.

పదకొండు, పన్నెండు తరగతులు కూడా అక్కడే చదవొచ్చు. ఐఐటీ, నీట్ టార్గెట్ ఉన్నోళ్లకు దక్షణ ఫౌండేషన్ అని ఒకటుంది. పరీక్ష పెట్టి నవోదయ పిల్లల్ని ఎంపిక చేసి, ఉచితంగా కోచింగ్ ఇస్తుంది.

నా ఇంటర్ సంగతి చెప్తా, పోల్చుకోండి. నేను ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ చేసినా. పేరు అవసరం లేదు. రెండేళ్లలో గ్రౌండ్ అనేదే చూడలేదు, ఎందుకంటే గ్రౌండే లేదు. ర్యాంకు కొంచెం తగ్గితే సెక్షన్ మార్చేవాళ్లు. ఫీజు కోసం మా నాయన ఎద్దులు అమ్మినాడు. బీటెక్ సీటొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది, కాదనను. కానీ ఆ రెండేళ్లూ నాకు ఒక్క మంచి జ్ఞాపకం లేదు. మావాడికి ఏడేళ్ల జ్ఞాపకాలున్నాయి, అప్పు లేదు.

అయితే అంతా బాగుంటుందని నేను చెప్పను. పదేళ్లకే ఇల్లు వదలాలి. మొదటి మూడు నెలలు శానా మంది ఏడుస్తారు, కొంతమంది వెనక్కి వచ్చేస్తారు. ఫోన్ ఉండదు, అమ్మానాన్న ఎప్పుడంటే అప్పుడు కలవడానికి ఉండదు. బాగా సున్నితంగా ఉండే పిల్లోడు, లేదా తరచూ జబ్బుపడే పిల్ల అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. సీటొచ్చినంత మాత్రాన ఐఐటీ రాదు. మావాడు ఐఐటీ పోలేదు. డిగ్రీ చేసి పోటీ పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఇంకో ముఖ్యమైన మాట, పిల్లోడిని కూర్చోబెట్టి అడగండి. పోతావా అని. వాడి మాట కూడా లెక్కలోకి తీసుకోండి.

సీటు రాకపోతే? 80 సీట్లకు జిల్లా మొత్తం పోటీ. రాకపోవడమే ఎక్కువ మందికి జరిగేది. అప్పుడు దారులు ఇవి. నవోదయలోనే తొమ్మిదో తరగతికి, పదకొండో తరగతికి ఖాళీ సీట్లు ఉంటే వేరే ఎంపిక ఉంటుంది. ఆరో తరగతికి మోడల్ స్కూళ్లు ఉన్నాయి, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. రాష్ట్ర గురుకులాలకు వేరే పరీక్ష. పది అయినాక ఏపీఆర్‌జేసీ రాయొచ్చు. బనవాసిలోనే ఆడపిల్లల గురుకుల జూనియర్ కాలేజీ ఉంది. ఇంకా కడప జిల్లా ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ. 2008లో మొదలైంది. పది మార్కులతోనే సీటు, ఇంటర్‌తో కలిపి ఆరేళ్ల బీటెక్, ప్రభుత్వ బడిలో చదివినోళ్లకు అదనపు వెయిటేజీ. కాబట్టి నవోదయ రాలేదని పిల్లోడిని తిట్టొద్దు. నన్ను తిట్టినారు, అది ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన పని.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఐదో తరగతి చదివే పిల్లోడో పిల్లో ఉంటారు. బడులు తెరిచినాక, వానాకాలంలో నోటిఫికేషన్ వస్తుంది. నవోదయ విద్యాలయ సమితి అధికారిక వెబ్‌సైట్‌లో ఫారం నింపడానికి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. కావాల్సింది పిల్లల ఫోటో, పిల్లల సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం, హెడ్‌మాస్టర్ సంతకం చేసిన సర్టిఫికెట్. అన్నీ ఫోన్‌తో ఫోటో తీసి అప్‌లోడ్ చేయొచ్చు. పుట్టిన తేదీ, కేటగిరీ, పల్లెనా టౌనా అన్నది రెండుసార్లు చూసుకోండి. చివరి తేదీ దాకా ఆగొద్దు, ఆ రోజు సైట్ తిరుగుతూనే ఉంటుంది.

సుగ్గికి పోయే ఇల్లయితే ఇంకో రెండు పనులు. ఒకటి, బడిలో టీసీ తీసుకోకుండా పిల్లోడిని ఊళ్లోనే ఉంచమని ఇంట్లో వాళ్లకు చెప్పండి. వలస పోయే ఇళ్ల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది, మీ మండలంలో ఉందా అని ఎంఈవో ఆఫీసులో అడగండి. రెండోది, హాల్ టికెట్ మీ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి, పరీక్ష రోజు ఆ పిల్లోడిని సెంటర్‌కు మీరే తీసుకుపోండి. బండి మీద పొద్దున పోతే మధ్యాహ్నానికి ఇంటికొస్తారు.

పోయిన ఏడాది నేను మా ఊరికి పోయినప్పుడు, మా పక్కింటి అక్క వాళ్ల పాపను తీసుకొని వచ్చింది. అదే, నేను చెప్పిన అక్క. "ఏమప్పా, నువ్వు ఫోన్లో ఏందేందో చెప్తావంట కదా, మా పాపకు ఆ ఫారం నింపు" అంది. పాప అప్పటికి నాలుగో తరగతి. ఇంకా ఏడాది ఉందక్కా అన్నా. "మర్చిపోవాకు" అంది, అంతే.

ఈ ఏడాది పాప ఐదు. ఫారం నేనే నింపినా. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో బొమ్మల ప్రశ్నలు చేస్తాం. అద్దం బొమ్మల్లో నాకంటే ఫాస్ట్. సీటొస్తుందో రాదో చెప్పలేను. కానీ పేపర్ తెరిచినప్పుడు ఆ బొమ్మలు తనకు కొత్తగా ఉండవు.

సరే ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్‌ను ఐదో తరగతి పిల్లలున్న ఒక్క ఇంటికి పంపండి చాలు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఇడుపులపాయ గురించి వివరంగా మాట్లాడుకుందాం. ఉంటా మరి.