కారు టైరు మార్చాలా? పక్కగోడపై రాతలే ఆధారం

వికారాబాద్, తాండూరు: వికారాబాద్ నుంచి తాండూరుకు దూరం దాదాపు 40 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ మలుపులు దాటి ముందుకు సాగి, తాండూరు చేరువయ్యే కొద్దీ నాపరాతి బండల లారీలు, సిమెంటు వాహనాలు ఎదురవుతాయి. రోడ్డు అంచున రాలిపడిన బండ పెచ్చు కత్తి మొనను తలపిస్తుంది. ఇటువంటి దారిలో కుటుంబమంతటినీ మోసుకెళ్లే చిన్న కారుకు నేలతో ఉన్న సంబంధం నాలుగు చోట్ల మాత్రమే. ఆ నాలుగు చోట్లా కలిపినా నేలను తాకే రబ్బరు నాలుగు అరచేతులంతే. అయినా టైరు మార్చవలసి వచ్చినప్పుడు దుకాణంలో మొదట వినిపించే ప్రశ్న 'ఎంతకిస్తారు?' అన్నదే. అంతకంటే ముందు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి జవాబులు టైరు పక్కగోడపైనే అచ్చువేసి ఉంటాయి.

మార్చే సమయం ఎప్పుడు?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గరాదు. దీనిని కొలిచేందుకు పరికరం అక్కరలేదు. టైరు భుజంపై చిన్న త్రిభుజం గుర్తో, 'టీడబ్ల్యూఐ' అన్న అక్షరాలో ఉంటాయి. వాటికి ఎదురుగా గాడి అడుగున చిన్న రబ్బరు దిమ్మె కనిపిస్తుంది. పైభాగం అరిగి ఆ దిమ్మెతో సమానమైతే టైరు పని అయిపోయినట్లే.

చట్టం చెప్పిన హద్దు వరకు వేచి ఉండడం వానాకాలంలో ప్రమాదకరం. రోడ్డుపై నిలిచిన నీటిని పక్కకు నెట్టేవి ఆ గాడులే. అవి పూడిపోతే టైరు నేలను వదిలి నీటిపై తేలుతుంది. అప్పుడు బ్రేకు నొక్కినా, స్టీరింగు తిప్పినా కారు మాట వినదు. గాడి 3 మిల్లీమీటర్లకు చేరినప్పుడే, తొలకరికి ముందే మార్చుకోవడం మేలు. పక్కగోడపై ఉబ్బు కనిపించినా, కోత లోపలి దారాల వరకు దిగినా గాడుల లోతుతో నిమిత్తం లేకుండా ఆ టైరును తీసివేయాలి. పక్కగోడకు పంక్చరు వేయించి నడపడం ప్రాణాలతో చెలగాటమే.

అరగకపోయినా ముసలిదవుతుంది

వారానికి ఒకసారి మాత్రమే బయటికి తీసే కార్లు, హైదరాబాద్‌లో కొని తెచ్చుకున్న పాత కార్లు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. వాటి టైర్లు చూపులకు కొత్తవిగానే ఉంటాయి. కానీ రబ్బరు ఎండకు, గాలికి గట్టిపడి బీటలు వారుతుంది. టైరు వయస్సు తెలుసుకోవడం సులభం. పక్కగోడపై 'డీఓటీ' అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలని, పదేళ్లు నిండితే అరగకపోయినా మార్చివేయాలని పలు తయారీ సంస్థలు సూచిస్తున్నాయి. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చూడాలి. దుకాణంలో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న సరుకును కొత్త ధరకు అంటగట్టే వీలుంది. స్టెప్నీ టైరుకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

అంకెల వెనుక అర్థం

ఆల్టో 800 కారు టైరుపై 145/80 ఆర్ 12 అని ఉంటుంది. 145 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం పక్కగోడ ఎత్తు, అనగా 116 మిల్లీమీటర్లు. 'ఆర్' రేడియల్ టైరుకు గుర్తు. 12 అన్నది అంగుళాలలో రిమ్ము కొలత. ఆ తరువాత వచ్చే అంకె మోయగల బరువును, అక్షరం గరిష్ఠ వేగాన్ని తెలుపుతాయి. 74 అంటే ఒక్కో టైరు 375 కిలోలు, 79 అంటే 437 కిలోలు మోస్తుంది. 'టీ' అంటే గంటకు 190 కిలోమీటర్లు. కారు కంపెనీ సూచించిన దానికంటే తక్కువ బరువు అంకె గల టైరును ఎట్టి పరిస్థితిలోనూ వేయించరాదు. అయిదుగురు కూర్చుని, డిక్కీలో కందుల బస్తా వేసుకుని బయలుదేరే కుటుంబాలకు ఈ జాగ్రత్త మరింత అవసరం.

వెడల్పు మోజు వద్దు

అందం కోసం వెడల్పు టైర్లు, పెద్ద రిమ్ములు వేయించే అలవాటు యువకులలో కనిపిస్తోంది. 155/80 ఆర్ 13 టైరు మొత్తం ఎత్తు 578 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 175/70 ఆర్ 13 వేస్తే ఎత్తు 575 మిల్లీమీటర్లే కనుక స్పీడోమీటరులో పెద్ద తేడా రాదు. కానీ వెడల్పు పెరిగితే ఇంధనం ఖర్చు పెరుగుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. పక్కగోడ పొట్టిదైన కొద్దీ గుంతల దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. గుంతలు, రాళ్లు ఉన్న దారులలో ఎత్తయిన పక్కగోడే కారుకు మెత్తని దిండు. కంపెనీ ఇచ్చిన కొలతను మార్చకపోవడమే ఉత్తమం.

రెండే కొనగలిగితే..

ఒకేసారి నాలుగు టైర్లు మార్చడం అందరికీ సాధ్యం కాదు. చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాలతో నడిచేవి కనుక ముందు టైర్లు త్వరగా అరుగుతాయి. కొత్తవి రెండూ ముందే వేయించుకోవడం సహజంగా అనిపిస్తుంది. అయితే కొత్త జతను వెనుక చక్రాలకు వేయాలన్నది టైర్ల తయారీదారుల సూచన. తడి రోడ్డుపై ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి కారును దారికి తేవచ్చు. వెనుక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది. ఘాట్ మలుపులో ఆ తేడా ప్రాణాంతకం. అయితే ముందుకు మార్చే టైర్లలో కూడా తగినంత గాడి మిగిలి ఉండాలి. ఒకే ఇరుసుపై రెండు రకాల టైర్లు ఉండరాదు. కొత్తవి వేసినప్పుడు అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ తప్పనిసరిగా చేయించాలి.

ఎండాకాలంలో గాలి తగ్గించరాదు

వేసవిలో టైరు పేలకుండా గాలి కొంత తగ్గించాలన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. ఇది పూర్తిగా తప్పు. గాలి తగ్గితే పక్కగోడ అతిగా వంగుతుంది, ఆ వంపుతోనే వేడి పుడుతుంది. టైర్లు పేలడానికి ముఖ్య కారణం అదే. ఎంత గాలి పట్టించాలో డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితంపై ఉంటుంది. బండి నడపక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. పక్కగోడపై ముద్రించిన గరిష్ఠ అంకె పట్టించవలసిన కొలత కాదు.

బిల్లు లేనిదే కొనవద్దు

లారీలకు రీబటన్ టైర్లు వాడడం పాత పద్ధతే. కారుకు మాత్రం రీబటన్, ఇతరులు వాడి వదిలేసిన టైర్ల జోలికి పోరాదు. లోపలి తీగలకు తగిలిన దెబ్బ పైకి కనిపించదు. కొత్త టైరుపై ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదీ లేనిదీ చూడాలి. కారు టైర్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతానికి బదులు 18 శాతమైంది. పన్ను కలపక ముందు రూ.3,000 ఉన్న టైరుకు పాత లెక్కన రూ.3,840 కాగా కొత్త లెక్కన రూ.3,540. మిగిలిన రూ.300తో అలైన్‌మెంట్ ఖర్చులో కొంత గిట్టుతుంది. టైరు సంఖ్య రాసిన బిల్లు తీసుకుంటే తయారీ లోపం బయటపడినప్పుడు వారంటీ కోరవచ్చు. బండ పెచ్చుకు తెగిన పక్కగోడకు సాధారణంగా వారంటీ వర్తించదు.

దుకాణదారు ధర చెప్పక ముందే కొలత, బరువు అంకె, తయారైన వారం చదువుకున్న కొనుగోలుదారును మోసగించడం కష్టం. అర్ధరాత్రి రోగిని తీసుకుని హైదరాబాద్ ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తే, ఆ నాలుగు టైర్లపైనే భరోసా ఉంచాలి.