బజారున ఫోను – వంటయింట సిగ్నలు

సెల్‌ఫోను కంపెనీలు, టవర్లు, సిగ్నళ్లు – వీనితో గృహిణికేమి పని, ఇది పురుషులు చూచుకొనవలసిన వ్యవహారము గదా యని కొందఱు సోదరీమణులు తలంపవచ్చును. ఆ తలంపు సరి కాదని నా యభిప్రాయము. ఫోను కొనుటకు బజారునకు పోవువారెవరైనను గావచ్చును. దానిని నమ్ముకొని ఇంటిలో నుండువారు మాత్రము తఱచుగా స్త్రీలు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము హెచ్చినపుడు డాక్టరును పిలువవలసినది తల్లి; అత్తగారు మేడమెట్లపై జాఱిపడినపుడు సహాయము కోరవలసినది కోడలు. కావున అంగడిలో ఫోను ఎంత చక్కగా పలికినదను మాటకంటె, మన వంటయింటిలో నది పలుకునా యను ప్రశ్నయే మనకు ముఖ్యము.

ఈ సంగతి తేటపడుటకు బ్రిటనుదేశము మంచి యుదాహరణము. మన తెలుగు పడుచులు చదువులకును, ఆసుపత్రి యుద్యోగములకును, భర్తల వెంటను ఆ దేశమునకు పోవుట నేడు వింత గాదు. మొదట లండను నగరమున దిగినను, పని దొరికినచోటికి పోవలసినదే గదా! వేల్సు కొండలలోని చిన్న పట్టణమునకో, స్కాట్లండు పల్లెలకో చేరిన డాక్టరుగారి భార్య, అచ్చటి రాతిగోడల యింటిలో ఫోను పట్టుకొని కిటికీకడకును వాకిటికిని తిరుగవలసివచ్చును. ఇచ్చట తల్లి ‘వినబడుట లేదమ్మా’ యని బెంగపడుచుండును. ఆ దేశమువలె సంపద్వంతమైన దేశమున నిట్లేల జరుగవలెను?

ఆ దేశమున మొట్టమొదటి సెల్‌ఫోను పిలుపు 1985 జనవరి 1వ తేదీన వోడాఫోను కంపెనీ నెట్‌వర్కుపై సాగినది. ఎర్నీ వైజ్ అను హాస్యనటుడు లండనులోని సెయింట్ క్యాథరిన్ రేవునుండి న్యూబరీ పట్టణములోని కంపెనీ కచ్చేరికి మాటలాడెను. ఆ కచ్చేరి యొక కూరల హోటలుపై మేడలో నుండెనట! మన పోపు వాసనతోనే సీమలో సెల్‌ఫోను పుట్టినదని నవ్వుకొనవచ్చును. ఆనాటి ఫోను బరువు సుమారు 5 కిలోలు. మాటలాడినచో అరగంటకే దాని బ్యాటరీ యుడుగును. అదే నెలలో సెల్‌నెట్ అను రెండవ కంపెనీయు మొదలైనది. 2002లో దానికే ఓటూ యను పేరు వచ్చినది. 1993లో వన్ టు వన్, 1994లో ఆరెంజి, 2003లో త్రీ యను కంపెనీలు వచ్చినవి. వీనిలో కొన్ని పేర్లు మాఱినవి, కొన్ని యొకదానిలో నొకటి కలిసిపోయినవి.

ఇక అంగళ్ల సంగతి. అచ్చట ప్రతి పట్టణమునను ఒక పెద్దబజారుండును, దానిని హైస్ట్రీటందురు. రొట్టెల యంగడి, మందుల షాపు, తపాలా కచ్చేరి, బ్యాంకు మొదలగునవన్నియు నచ్చటనే. 1989లో చార్లెస్ డన్‌స్టన్ అనునతడు కార్‌ఫోన్ వేర్‌హౌస్ అను వ్యాపారమును స్థాపించెను. పిదప జాన్ కాడ్వెల్ అనునతడు ఫోన్స్ ఫర్ యూ యను అంగళ్లను నెలకొల్పెను. కొన్ని యేండ్లలో ఈ యంగళ్లు లేని పట్టణము లేదనిపించుకొనెను. ఇవి టవర్లు గలవి కావు. అన్ని కంపెనీల సిమ్ములను ఒకేచోట నమ్మి, ఒక్కొక్క ఒప్పందమునకు ఆయా కంపెనీలనుండి కమీషను పుచ్చుకొనునవి.

ఈ కమీషను మాట చదువరులు గుర్తుంచుకొనవలెను. గాజుబీరువాలో మెఱయు ఫోను ‘ఉచితము’ అని చీటి కట్టియుండును. నెలకు 40 పౌనుల చొప్పున 24 నెలలు కట్టుటకు సంతకము చేసిన వారికే యది యుచితము! లెక్క వేసినచో 960 పౌనులగును. నెలనెల కొంచెము కొంచెముగా మన చేతినుండి పోవుటచే ఆ వెల కంటికి కానరాదు. కందిపప్పు కొనుచో గింజ కొఱికి చూచు గృహిణి, రెండేండ్ల ఒప్పందమును మాత్రము అంగడివాని చిరునవ్వును నమ్మి తీసికొనుట యేమి న్యాయము? అంగడివాడు చెడ్డవాడని నేననను. అతని బత్తెము సంతకముతో ముడిపడియున్నది, మన యింటి సిగ్నలుతో ముడిపడి లేదు.

ఆ బత్తెము కంపెనీల చేతిలో నుండుటయే యా యంగళ్లకును చేటు తెచ్చినది. 2014లో మొదట ఓటూయు, సెప్టెంబరు మాసమున వోడాఫోనును, పిదప ఈఈ యను కంపెనీయు ‘మీకు మా సరకు ఇక నీయము’ అని ఫోన్స్ ఫర్ యూ వారికి చెప్పివేసినవి. అమ్ముటకేమియు లేక ఆ వ్యాపారము ఆ సెప్టెంబరులోనే మూతపడెను. సుమారు 550 అంగళ్లు, అయిదువేలకు పైబడిన యుద్యోగులు! కంపెనీలు కూడబలుకుకొని తమ్ము ముంచినవని వారు వ్యాజ్యము వేయగా, 2023లో హైకోర్టు దానిని కొట్టివేసెను. 2020లో కార్‌ఫోన్ వేర్‌హౌస్ వారి ప్రత్యేకపు టంగళ్లు 531యును ఒకేసారి మూతపడినవి; సుమారు 2,900 మందికి పని పోయినది. జనులు ఇంటనే కూర్చుండి ఫోను తెప్పించుకొనుట కలవాటుపడిరి. సిమ్మునొకచోటను ఫోను నొకచోటను కొనుట నేర్చిరి. కొన్ని కంపెనీల సొంత అంగళ్లు మాత్రము ఇప్పటికిని పెద్దబజారులలో నున్నవి.

అంగళ్ల పేర్లు పదియున్నను, ఇరువదియున్నను, సొంతముగా దేశమంతట నెట్‌వర్కు గల కంపెనీలు నేడచ్చట మూడే. టీ-మొబైలును ఆరెంజియును 2010లో కలిసి యేర్పడినదే ఈఈ. అది 2016నుండి బీటీ వారిది. రెండవది ఓటూ. మూడవది, వోడాఫోనును త్రీయును 2025 మే 31వ తేదీన కలిసి యేర్పడినది. తక్కినవి వీరికి అద్దె యిచ్చి నడుపుకొనునవి. టెస్కో మొబైలు, గిఫ్‌గాఫ్ అనునవి ఓటూ నెట్‌వర్కుపై నడచును. మనవారు తఱచుగా కొను లెబారా సిమ్ము వోడాఫోను నెట్‌వర్కుపై నడచును. టెస్కో సిగ్నలు బాగులేదని గిఫ్‌గాఫ్‌నకు మాఱినవారు ఇల్లు మాఱి బావి మాఱనివారు. ఆ నీరే మఱల త్రాగుదురు.

సిగ్నలు ఇంటిలోనికి రాకుండుటకు కారణమేమి? టవరునుండి వచ్చునవి రేడియో తరంగములు. వీనిలో 800 మెగాహెర్ట్జు ప్రాంతపు తరంగములు దూరము పోగలవు, గోడలను కొంత చక్కగా దాటగలవు. 2,100, 2,600 మెగాహెర్ట్జుల తరంగములు ఎక్కువ సమాచారమును మోయగలవు గాని గోడ తగిలినంతనే నీరసించును. వేల్సు, స్కాట్లండు పల్లెలలోని పాతయిండ్లకు మూరెడు మందపు రాతిగోడలుండును. క్రొత్తయిండ్లైన మేలా యన్నచో, చలి రాకుండుటకై గోడలలో లోహపురేకు అంటించిన పలకలు పెట్టుదురు. కిటికీ అద్దములకు లోహపు పూత పూయుదురు. వెచ్చదనమును లోపల నిలుపు ఆ పూతయే సిగ్నలును వెలుపల నిలుపును! ఇంటి వెచ్చదనమునకై చేసిన యేర్పాటు ఇంటి మాటను అడ్డగించుట విచిత్రము కాదా?

ఆ దేశపు ప్రభుత్వమువారికి నిది తెలియనిది కాదు. 2013లో 800 మెగాహెర్ట్జు తరంగములను వేలము వేసినపుడు, ఒక భాగమునకు షరతు పెట్టిరి: 2017 చివరికి జనసంఖ్యలో 98 శాతమునకు ఇంటిలోపల సిగ్నలు అందవలెను. ఆ భాగమును ఓటూ కొనెను. ఇంటిలోపల యను మాట చట్టపు కాగితములోని కెక్కుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి. కాని యా మిగిలిన 2 శాతములో ఎన్ని సంసారములున్నవో యోచింపుడు! ఆ దేశపు జనాభా ఆఱు కోట్లకు మించినది. అందు 2 శాతమన్నచో పండ్రెండు లక్షలకు మించును.

మఱియొక లెక్క కలదు. 2020లో కంపెనీలును ప్రభుత్వమును కలిసి నూఱు కోట్ల పౌనుల ఒప్పందము చేసికొని, పల్లెలలో టవర్లను పంచుకొని, 2025 చివరికి దేశపు భూభాగములో 95 శాతమునకు నాలుగవ తరము సిగ్నలు అందింతుమనిరి. మంచిదే. కాని యా 95 శాతము ‘ఏదో యొక కంపెనీది’ అని యర్థము. మీ సిమ్ము ఆ కంపెనీది కాకున్నచో ఆ శాతము మీకు పేరుకే. అదియు ఆరుబయటి లెక్క. మేడమీద పడకగది లెక్క గాదు. ఎవరి సిగ్నలు ఉన్నను దానిని అందఱు వాడుకొనునట్లు చేయుదమని 2014లో ప్రభుత్వమువారు తలపెట్టిరి గాని, కంపెనీలు ఒప్పుకొనలేదు. నా మట్టుకు ఆ తలంపే న్యాయమైనది. రహదారి యెవరు వేసినను అందఱును నడచుట లేదా?

ఇంతవరకు మాటలాడుకొను సౌఖ్యమును గుఱించియే చెప్పితిని. ప్రాణముతో ముడిపడిన సంగతి యొకటి మిగిలియున్నది. బ్రిటనులో రాగితీగ టెలిఫోనులను 2027 జనవరినాటికి తీసివేయవలెనని నిర్ణయించిరి. ఆ పాత ఫోనునకు విద్యుత్తు ఎక్స్చేంజినుండి తీగలోనే వచ్చుచుండెను. ఇంటిలో దీపములారినను ఫోను పలుకుచుండెను. క్రొత్త ఏర్పాటులో ఫోను ఇంటర్నెట్టు పెట్టెకు తగిలింపబడును. కరెంటు పోయినచో పెట్టె యారును; పెట్టెతో ఫోనును ఆరును. అప్పుడు దిక్కు సెల్‌ఫోనే. సిగ్నలు లేని యింటిలో నదియు లేదు.

ఇది యూహ కాదు. 2021 నవంబరు 26వ తేదీన ఆర్వెన్ అను గాలివాన స్కాట్లండును, ఉత్తర ఇంగ్లండును మొత్తినపుడు సుమారు 10 లక్షల ఇండ్లకు కరెంటు పోయినది. వేలకొలది ఇండ్లకు వారము దాటినను రాలేదు. టవర్లకును కరెంటే యాధారము. చాలవాటికి దీర్ఘకాలము నిలుచు బ్యాటరీలు లేవు. మంచు కురియు రాత్రి, చంటిబిడ్డతో ఒంటరిగా నున్న యిల్లాలి సంగతి చదువరులే యూహించుకొందురుగాక.

ఆ దేశమున ఆపదకు పిలువవలసిన సంఖ్య 999. 112 యును పనిచేయును. 2009నుండి ఒక మేలు జరిగినది. మన కంపెనీ సిగ్నలు లేకున్నను, వేఱొక కంపెనీ సిగ్నలు అచ్చట ఉన్నచో ఆ పిలుపు దానిమీదుగా పోవును. అయితే ఫోనులో సిమ్ము ఉండవలెను. అట్లు వేఱొకరి టవరు మీదుగా పిలిచినచో, మాట తెగిపోయినపుడు వారు మనకు తిరిగి పిలువజాలరు. కావున మొదటి మాటయే ఇంటి చిరునామా కావలెను. ఏడ్పును, వివరమును తరువాత.

ఆ దేశమునకు పోవు మన పడుచులకు నేను చెప్పునదేమన, ఇల్లు అద్దెకు తీసికొనకముందే ఫోను చేతబట్టుకొని ప్రతి గదిలోను నిలిచి చూడవలెను. నీళ్ల కొళాయి త్రిప్పి చూచుట లేదా, అట్లే. ఆఫ్‌కామ్ అను ప్రభుత్వసంస్థవారి పటములో ఇంటి పిన్‌కోడు కొట్టినచో నాలుగు పేర్ల సిగ్నలును కనబడును. కాని పటమునకు మన గోడల మందము తెలియదు. అందుచే ముందుగా డబ్బు కట్టి వాడుకొను చౌక సిమ్మునొకదానిని తెచ్చి, వారము దినములు వాడి, వంటయింటను, పడకగదిలోను, స్నానపు గదిలోను పలుకుచున్నదని చూచిన పిమ్మటనే ఒప్పందమునకు సంతకము చేయవలెను. ఇందొక చట్టపు మెలిక కలదు. ఇంటినుండి తెప్పించుకొన్న ఒప్పందమును 14 దినములలో రద్దు చేసికొను హక్కు చట్టము ఇచ్చినది. అంగడిలో నిలిచి చేసిన సంతకమునకు ఆ హక్కు లేదు. పెద్దబజారులో వారు దయతలచి తిరిగి పుచ్చుకొనిననే తప్ప అది మన చేతిది కాదు.

కంపెనీ మాఱవలెనన్న 2019 జూలైనుండి సులువైనది. పీఏసీ అను మూడక్షరములను 65075 సంఖ్యకు సందేశముగా పంపినచో, పాత సంఖ్యతోనే మాఱుటకు సంకేతము వచ్చును. మునుపటివలె వారి బుజ్జగింపులు వినవలసిన పని లేదు. 2025 జనవరి 17వ తేదీనుండి క్రొత్త ఒప్పందములలో ధర యెంత పెరుగునో పౌనులలోను పెన్సులలోను ముందే వ్రాయవలెను. ఆ పంక్తిని వ్రేలు పెట్టి చదివించుకొనుడు. ఇంటిలో ఇంటర్నెట్టు ఉన్నచో వైఫై మీదుగా మాటలాడు సదుపాయమును ఫోనులో తెఱచి పెట్టుకొనవలెను. రాతిగోడల యిండ్లవారికి అది గొప్ప ఆసరా, కరెంటు ఉన్నంతవఱకు.

ఇక తీగఫోను మార్చుటకు కంపెనీ మనిషి యింటికి వచ్చినపుడు, ఆ యింట సెల్‌ఫోను సిగ్నలు లేదనియు, తీగఫోనే తమకు ఆధారమనియు అతనితో చెప్పి వ్రాయించవలెను. అట్టివారికి కరెంటు పోయినను కనీసము ఒక గంటసేపు ఆపద పిలుపు పోవునట్లు, సొమ్ము తీసికొనకయే, కంపెనీవారు ఏర్పాటు చేయవలెనని ఆఫ్‌కామ్ కట్టడి కలదు. అడుగనివారికి ఆ బ్యాటరీ పెట్టె రాకపోవచ్చును.