తెర మీద చిన్న విమానం, కింద నైలు నది

విమానం నడపడాన్ని కంప్యూటర్ తెర మీదికి తెచ్చే ప్రోగ్రాం ఫ్లైట్ సిమ్యులేటర్. పైలట్ల శిక్షణ కోసం పుట్టిన ఈ ఏర్పాటు ఇళ్లలోకి వచ్చాక యాత్రాసాధనంగా కూడా మారింది. పెద్ద జెట్‌ను ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున నడపడం ఒక సరదా అయితే, నాలుగు సీట్ల చిన్న విమానంలో వెయ్యి అడుగుల ఎత్తున కోటలూ గుళ్లూ సమాధులూ చూసుకుంటూ పోవడం ఇంకో సరదా. దీని మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో నెట్‌లో కలుసుకుని, ఒకే రన్‌వే నుంచి జట్టుగా బయల్దేరతారు. దారి తెలిసినవారు ముందు ఎగురుతూ, కింద కనబడేదాని చరిత్ర చెబుతుంటారు. మిగతావారు వింటూ వెనకే వెళ్తారు.

ఇంటి కంప్యూటర్‌కు ఈ విద్య తెచ్చినవాడు అమెరికాకు చెందిన బ్రూస్ ఆర్ట్‌విక్. ఆయన పని ఆధారంగా మైక్రోసాఫ్ట్ 1982లో ఐబీఎం పీసీ కోసం తొలి ఫ్లైట్ సిమ్యులేటర్ విడుదల చేసింది. అందులో నేల ఒక రంగు, నీళ్లు ఇంకో రంగు, భవనాలంటే కొన్ని గీతలు. ఆట మొదలయ్యేది షికాగో నగరంలో సరస్సు ఒడ్డున ఉన్న మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయంలో. 2003 మార్చిలో ఆ నగర మేయర్ రాత్రికి రాత్రి బుల్డోజర్లు పంపి దాని రన్‌వే తవ్వించేశాడు. అసలుది పోయినా పాత సిమ్యులేటర్లలో మెగ్స్ ఫీల్డ్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

చారిత్రక యాత్రలకు అసలైన ఊపు 2020లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో విడుదలైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌ను ఫ్రాన్స్‌లోని అసోబో స్టూడియో తయారుచేసింది. బింగ్ మ్యాప్స్ కోసం ఉపగ్రహాలూ విమానాలూ తీసిన చిత్రాలను కొండలూ లోయల ఎత్తుపల్లాల మీద పరిచి, భూగోళం మొత్తాన్ని ఆటస్థలం చేసింది. ఈ సమాచారం రెండు పెటాబైట్లకు పైమాటే. ఇంట్లో ఏ కంప్యూటర్‌లోనూ పట్టదు కాబట్టి విమానం వెళ్తున్న కొద్దీ ఆ మేరకు ఇంటర్నెట్ నుంచి దిగుతుంది. ఇందులో ముప్పై ఏడు వేల విమానాశ్రయాలున్నాయి.

అయితే ఇక్కడ కనిపించేదంతా ఒకే పాటి నిజం కాదు. నేల తీరు, నది మలుపు, కొండ వాలు కొలిచి పెట్టినవి. ప్రసిద్ధ కట్టడాల్లో కొన్నిటిని కళాకారులు విడిగా తయారుచేశారు. కొన్ని నగరాలను ఆకాశం నుంచి అనేక కోణాల్లో తీసిన ఫొటోలతో త్రీడీలో నిలబెట్టారు. మిగిలిన కోట్లాది భవనాలను చిత్రంలో కనబడే పైకప్పును బట్టి కృత్రిమ మేధ ఊహించి కడుతుంది. ఆ ఊహ తప్పితే నవ్వు పుట్టే సంగతులు జరుగుతాయి. విడుదలైన కొత్తలో లండన్‌లోని బకింగ్‌హామ్ రాజభవనం ఆఫీసు కట్టడంలా కనిపించింది. మెల్‌బోర్న్ శివారులో ఇళ్ల మధ్య 212 అంతస్తుల బురుజు ఒకటి సూదిలా లేచింది. ఆటకు వివరాలందించే, ఎవరైనా దిద్దగల ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఎవరో 2 అని టైపు చేయబోయి 212 అని కొట్టిన ఫలితం అది. కాబట్టి ఈ యాత్రలకు నేల తీరే చరిత్ర చెప్పే ప్రాంతాన్ని ఎంచుకోవడం తెలివైన పని. ఆ లెక్కన ఈజిప్టులో నైలు దారిని మించింది అరుదు.

విమానం ఎంపిక కూడా ఆషామాషీ సంగతి కాదు. సెస్నా 172 అనే చిన్న విమానానికి రెక్కలు తలకు పైన ఉంటాయి కాబట్టి కిటికీలోంచి కిందికి చూపు ఆనుతుంది. రెక్క కింద ఉండే విమానంలో సగం నేల దాని చాటునే పోతుంది. వేగం ఇంకా ముఖ్యం. 90 నాట్ల వేగంతో, అంటే గంటకు 167 కిలోమీటర్లతో పోతూ విమానాన్ని 20 డిగ్రీలు పక్కకు వంచితే అది సుమారు 600 మీటర్ల వ్యాసార్ధంతో చుట్టు తిరుగుతుంది. మధ్యలో ఉన్న కట్టడం కళ్ల ముందు నుంచి కదలదు. అంతే వంపుతో 250 నాట్ల మీద పోయే జెట్‌కు ఆ వ్యాసార్ధం నాలుగున్నర కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం నుంచి ఏ గుడీ గుడిలా కనబడదు.

ఈ చుట్టు తిరగడంలోనే కొత్తవారి చేయి తేలిపోతుంది. పైలట్ కూర్చునేది ఎడమ సీట్లో కాబట్టి కట్టడాన్ని ఎడమ పక్క పెట్టుకుని తిరగాలి. విమానం పక్కకు వంగగానే ముక్కు కిందికి దిగుతుంది, దాన్ని కొంచెం వెనక్కి లాగి పట్టాలి. గాలి ఒక పక్క నుంచి తోస్తుంటే గీసిన వలయం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. అందుకని గాలి వెనక నుంచి తోసేటప్పుడు ఎక్కువ వంచి, ఎదురుగాలిలో వంపు తగ్గించాలి. నిజమైన ఫ్లయింగ్ స్కూళ్లలో విద్యార్థులకు నేర్పేదీ ఇదే.

కైరో నుంచి బయల్దేరి ఊరు దాటగానే గీజా వస్తుంది. పోస్టర్లలో పిరమిడ్ల చుట్టూ ఇసుక తప్ప మరేమీ కనిపించదు. పైనుంచి చూస్తే ఊరు స్ఫింక్స్ ముందు దాకా వచ్చేసిన సంగతి బయటపడుతుంది. ఖుఫు పిరమిడ్ మొదట్లో దాదాపు 146 మీటర్ల ఎత్తు, ఇప్పుడు 138 దాకా ఉంది. పునాది ఒక్కో పక్క 230 మీటర్లు. దాని పక్కలు నాలుగు దిక్కులకూ ఎంత సూటిగా ఉన్నాయంటే, తూర్పు అంచు వెంట విమానం నడిపితే దిక్సూచి దాదాపు ఉత్తరమో దక్షిణమో చూపిస్తుంది. కొద్ది డిగ్రీల తేడా కనబడితే ఆ తప్పు అయస్కాంతానిదే, కట్టినవాళ్లది కాదు.

అక్కడి నుంచి ఎడారి అంచు మీదుగా దక్షిణానికి తిరిగితే పిరమిడ్లూ, వాటి వెనక పొలాలూ, ఆపైన నైలూ వరసగా ఎడమ కిటికీలోకి వస్తాయి. ముందుగా సక్కారాలో జోసర్ రాజు మెట్ల పిరమిడ్, ఆరు అంతస్తులుగా. ఆ తర్వాత దాషూర్‌లో ఖుఫు తండ్రి స్నెఫెరు కట్టించిన రెండు. వాటిలో ఒకటి 54 డిగ్రీల వాలుతో లేచి, సగంలో 43కు వంగిపోతుంది. రెండోది పునాది నుంచే 43 డిగ్రీలు. ఇంకా దక్షిణాన మెయ్‌దూమ్‌లో పై తొడుగు జారిపోయి బురుజులా మిగిలినది ఇంకొకటి. మెట్ల నుంచి నున్నని వాలుకు రావడానికి ఎన్ని ప్రయోగాలు, ఎన్ని దిద్దుబాట్లు జరిగాయో గీజా నుంచి మెయ్‌దూమ్ దాకా ఉన్న 65 కిలోమీటర్లలో అరగంట లోపు తెలిసిపోతుంది. పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా ఇంత తేటగా బోధపడదు.

ఇక లక్సర్ వరకు సుమారు 500 కిలోమీటర్లు. మూడు గంటల ఈ ప్రయాణాన్ని చాలామంది మధ్యలో వేగం పెంచి దాటేస్తారు, అది వాళ్లకే నష్టం. ఆకుపచ్చ పట్టీ ఒకచోట ఇరవై కిలోమీటర్లు వెడల్పయి, మరోచోట కొండలు రెండు పక్కలా నొక్కేసినట్టు సన్నబడుతుంది. పచ్చదనం ఆగిన గీత మీదే ఇసుక మొదలవుతుంది. సమాధులూ పిరమిడ్లూ ఆ గీత అవతల, పడమటి ఒడ్డున ఎక్కువ. సూర్యుడు అస్తమించే దిక్కు మృతులదని నమ్మకం, పంట పండే గజం నేల కూడా వృథా చేయకూడదన్న పొదుపు, రెండూ ఈ ఏర్పాటులో కలిసి కనిపిస్తాయి.

లక్సర్‌లో తూర్పు ఒడ్డున కర్నాక్, లక్సర్ గుళ్లు, వాటిని కలిపే రెండున్నర కిలోమీటర్లకు పైబడిన స్ఫింక్స్‌ల బాట. పడమటి ఒడ్డున నిట్టనిలువు కొండ ఒడిలో మూడు అరుగులుగా హాత్‌షెప్‌సుత్ రాణి ఆలయం. ఆలయం వెనక గట్టు ఒక్కటి దాటితే చాలు, 1922లో తూతన్‌ఖామున్ సమాధి బయటపడ్డ రాజుల లోయ వచ్చేస్తుంది. బస్సులో వెళ్లేవారికి ఇవి రెండూ వేర్వేరు చోట్లు, చుట్టూ తిరిగి పోవాలి. విమానం నుంచి చూస్తే ఒకే కొండకు రెండు పక్కలు. రాణి ఆలయం తిన్నగా నది అవతలి కర్నాక్ వైపు ముఖం పెట్టుకుని ఉండటం కూడా పైనుంచే తెలుస్తుంది.

ఎడ్ఫూ, కోమ్ ఓంబో ఊళ్లు దాటాక అస్వాన్ ఆనకట్ట. 1970లో పూర్తయిన ఈ 3.8 కిలోమీటర్ల కట్ట వెనక నాసర్ సరస్సు సూడాన్ దాకా పరుచుకుంది. ఆ ముంపు నుంచి కాపాడటానికి యునెస్కో పిలుపుతో అబూ సింబెల్‌లోని రెండో రామ్సెస్ ఆలయాలను 1964 నుంచి 1968 దాకా ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్లీ కూర్చారు. ఆలయం మీద ఉన్న కొండ కూడా మనుషులు పేర్చిందే. సుమారు ఇరవై మీటర్ల ఎత్తుతో కూర్చున్న నాలుగు విగ్రహాలు సరస్సు వైపు చూస్తుంటాయి. దగ్గర్లోనే విమానాశ్రయం ఉంది, యాత్ర అక్కడ దిగడంతో ముగుస్తుంది.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. నాగార్జునసాగర్ ముంపు రాకముందే, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కట్టడాల్లో ముఖ్యమైనవాటిని అక్కడి కొండ మీదికీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకీ తరలించారు. కృష్ణ మీదుగా ఇదే తరహా యాత్ర వేసుకోవచ్చు. ఆనకట్టా, జలాశయం మధ్య దీవిలా మిగిలిన కొండా తెర మీద బాగానే గుర్తుపట్టొచ్చు. స్తూపాల వివరం మాత్రం ఆశించకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవారు గీజా నుంచి మెయ్‌దూమ్ దాకా ఒక్క భాగంతో ఆపడం మేలు. పడమటి నుంచి చూస్తారు కాబట్టి సాయంత్రపు వెలుగు పెట్టుకోవాలి. తూర్పు ముఖంగా ఉన్న హాత్‌షెప్‌సుత్ ఆలయానికి పొద్దున్న వెలుగు కావాలి. సిమ్యులేటర్‌లో గడియారం మార్చడం ఒక్క మీట పని. ఖర్చు పెట్టే ముందు రుచి చూడాలంటే ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో దృశ్యాలు ఇంత బాగుండవు, సెస్నా 172 మాత్రం ఉంది.